గడప దాటిన మురుగు



తహారత్ గురించి మన మస్జిదుల్లో ఎన్నో ప్రసంగాలు జరుగుతుంటాయి. వుజూలో మడమ తడవకుండా మిగిలిపోకూడదని, బట్టల మీద మూత్రపు తుంపర పడకూడదని పిల్లలకు సైతం నేర్పుతాం. నేర్పవలసిందే. కాని ఆ వుజూ నీళ్లు, గుసుల్ నీళ్లు, మరుగుదొడ్డి నీళ్లు మన గడప దాటాక ఎటు పోతున్నాయి? ఎవరి వాకిట్లో తేలుతున్నాయి? ఈ ప్రశ్న మాత్రం వేసుకోము. నల్లా కనెక్షన్ కోసం ఆఫీసు చుట్టూ ఓపిగ్గా తిరిగే మనిషి, డ్రైనేజీ దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీని పిలిచి "రాత్రికి రాత్రి కలిపేయ్" అంటాడు!

దైవప్రవక్త (స) రెండు సమాధుల పక్కగా వెళుతూ, అందులోని ఇద్దరూ శిక్ష అనుభవిస్తున్నారని తెలిపిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. వారిలో ఒకడు మూత్రం విషయంలో జాగ్రత్త వహించేవాడు కాదు. తన ఒంటి మీది తుంపర విషయంలోనే ఇంత హెచ్చరిక ఉంటే, ఇంటిల్లిపాది మలమూత్రాలను పొరుగువాని గుమ్మం ముందుకు వదిలే మనిషి సంగతేమిటి? జనం నడిచే దారిలో, వారు సేదతీరే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పనులని ఆయన (స) హెచ్చరించారు. నిలిచి ఉన్న నీటిలో మూత్రం పోయవద్దని వారించారు. ఈ రోజుల్లో దారిలో కూర్చునేవారు తగ్గారు, నిజమే. అయితే నాలుగంగుళాల గొట్టం వేసి అదే పని గోడ వెనుక నుంచి చేస్తున్నవారు తగ్గలేదు.

మన హైదరాబాద్ సంగతే చూడండి. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వేలాదిమందిని బలిగొన్నది. ఆ మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన వరద కట్టడితో ఆగలేదు, నగరానికి భూగర్భ మురుగు కాలువలు కావాలని కూడా చెప్పారు. ఆ తరువాత నగరం ఎన్నో రెట్లు పెరిగింది. 1989 చట్టంతో ఏర్పడిన జలమండలి చేతికి ఈ బాధ్యత వచ్చింది.

భూగర్భ మురుగు కాలువ పని చేసే తీరు చాలా సాదా. దానిలో మురుగు సాధారణంగా మోటారు బలంతో కాదు, వాలును బట్టి దానంతటదే పారుతుంది. గొట్టం నిండుగా పారడానికి కాదు, పైన కొంత ఖాళీ ఉండేలా కడతారు. అందుకే ఇంటిని దానికి కలపడానికి కొన్ని నియమాలున్నాయి. దరఖాస్తు పెట్టి రుసుము చెల్లించాలి. రోడ్డు తవ్వడానికి అనుమతి తీసుకోవాలి. ఇంటి గొట్టానికీ వీధి కాలువకూ మధ్య తనిఖీ గుంత ఉండాలి. లోపలి విషవాయువు ఇంట్లోకి రాకుండా నీరు నిలిచే వంపు గొట్టం పెట్టాలి. హోటళ్లు, వాణిజ్య భవనాలు మట్టీ మడ్డీ ఆగే సిల్ట్ ఛాంబర్ కట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, డాబా మీది వాననీటిని మురుగు కాలువలో కలపకూడదు. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పది ఇళ్ల డాబాల నీరు ఒక్కసారి ఆ గొట్టంలోకి దూకితే అది పొంగుతుంది. పల్లంలో ఉన్న ఇంటి మరుగుదొడ్డిలోంచి వెనక్కి తన్నుతుంది. ఆ పల్లంలో ఉండేది సాధారణంగా మొహల్లాలోకెల్లా పేదవాడు!

"ఇవి సర్కారు పెట్టిన రూల్సు కదా, షరీఅత్‌లో ఎక్కడున్నాయి?" అని కొందరు అడుగుతారు. ఇంటి ప్లానుకు అనుమతి తీసుకునేటప్పుడు నియమాలు పాటిస్తామని సంతకం చేసింది ఎవరు? ఒప్పందాలను నెరవేర్చమని అల్ మాయిదా సూరా మొదటి వాక్యంలోనే అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. ఆ ఆదేశంలో నికా ఒప్పందం, వ్యాపార ఒప్పందం ఉన్నట్లే ఇదీ ఉంది. పైగా ఇతరులకు హాని కలిగించకూడదు, హానికి బదులుగానూ హాని చేయకూడదు అన్న ప్రవక్త (స) బోధనపై మన ఫఖీహ్‌లు ఎన్నో తీర్పులు నిలబెట్టారు. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో 1869 - 1876 మధ్య క్రోడీకరించిన 'మజల్లా'లో సరిగ్గా ఇదే మాట ఉంది. ఒకరి బావి దగ్గర మరొకరు మురుగు గుంత తవ్వి నీటిని చెడగొడితే, ఆ హానిని తొలగించాలి. తొలగించడం సాధ్యం కాకపోతే ఆ గుంతనే పూడ్చివేయాలి. నా స్థలంలో నేను తవ్వుకున్నాను అనే వాదన అక్కడ చెల్లలేదు.

ఇక్కడ హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటి తూము ఉదంతం ఒకటి ఉల్లేఖిస్తారు. ఒక జుమా నాడు ఆ తూములోంచి కోడి రక్తం కలిసిన నీళ్లు దారిన పోతున్న ఖలీఫా ఉమర్ (రజి) బట్టల మీద పడ్డాయి. ఆయన వెంటనే దాన్ని పీకించారు. తరువాత ఆ తూమును అక్కడ అమర్చింది స్వయంగా దైవప్రవక్తే (స) అని అబ్బాస్ (రజి) తెలిపారు. అంతే, ఉమర్ (రజి) ఆయన్ని తన వీపుపై ఎక్కించుకొని తూమును తిరిగి పెట్టించారు. ఈ ఉదంతం పరంపర మీద విద్వాంసుల్లో చర్చ ఉంది. కొందరు దీన్ని "పాత తూమును ఎవరూ కదిలించరాదు" అనడానికి వాడుకుంటారు. నాకు అది సరికాదనిపిస్తుంది. వీధి మీదికి నీరు వదిలే తూమును తనిఖీ చేసే అధికారం పాలకునికి ఉందని ఇద్దరూ అంగీకరించారు. అబ్బాస్ (రజి) "నా ఇల్లు, నా ఇష్టం" అనలేదు, అనుమతి చూపించారు. మన దగ్గర చూపించడానికి ఏమి ఉంది?

వీధి బురద గురించి ఫిఖ్‌లో ఒక సడలింపు ఉంది. తప్పించుకోలేని చోట కొద్దిపాటి చిందు పడితే క్షమార్హమని అంటారు. ఆ సడలింపు నమాజుకు నడిచి వెళ్లేవాని కోసం. బురద చేసినవాని కోసం కాదు.

ఇక ఖుర్బానీ రోజుల మాట. చెప్పక తప్పదు. రక్తం, పేగులు, పేడ ఎత్తి మ్యాన్‌హోల్‌లో పడేసేవారు మనలో ఉన్నారు. అల్లాహ్‌కు చేరేది మాంసమో రక్తమో కాదు, మీ భయభక్తులే అని అల్ హజ్ సూరా చెబుతుంది. మరి ఆ రక్తమాంసాలు చేరేదెక్కడికి? కొవ్వు చల్లబడి గొట్టంలో గడ్డకడుతుంది, చర్మపు ముక్కలు అడ్డంపడతాయి, మూడో రోజుకు వీధి వీధంతా పొంగుతుంది. అప్పుడు ఎవరినో ఒక పేదవాణ్ణి పిలిచి, ఐదారు వందలు చేతిలో పెట్టి, లోపలికి దిగమంటాం. కుళ్లిన మురుగులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. అతన్ని లాగడానికి దిగినవాడూ తిరిగిరాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ఇలా దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు చెల్లించాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రపంచపు లెక్క అది. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీస్తే యావత్తు మానవాళినీ చంపినట్లేనన్న దివ్యఖుర్ఆన్ లెక్క వేరు. దింపినవాడు "నేను చంపలేదు, కూలీకే కదా పిలిచాను" అంటే ఆ సన్నిధిలో చెల్లుతుందా?

వానాకాలంలో వీధి నీళ్లు పోవడానికి మ్యాన్‌హోల్ మూత తీసేయడం కూడా ఇలాంటిదే. నీటి కింద నోరు తెరుచుకున్న ఆ గుంత నడిచేవారికి కనిపించదు. అనుమతి లేకుండా మూత తెరవడం జలమండలి చట్టం ప్రకారం నేరం. దారిలోంచి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని విన్నవాళ్లం మనం, దారిలో హానిని తెరిచి పెడతామా?

మస్జిదు కమిటీల పెద్దలకు ఒక మనవి. మస్జిదు మరుగుదొడ్ల గొట్టాన్ని వాననీటి నాలాలో కలిపి "అల్లాహ్ ఇల్లు, ఎవరడుగుతారు?" అనుకోవడం తగదు. ఆ నాలా మూసీకి పోతుంది. మూసీ నీటితో దిగువన గడ్డి పెంచుతారు, ఆ గడ్డి మేసిన గేదె పాలు మనమే తాగుతాం. చందా డబ్బులో ముందు సక్రమమైన కనెక్షన్‌కు తీయండి, పాలరాయి తరువాత వేయవచ్చు.

పాత ఇల్లు కొన్నవారు అడుగుతుంటారు: దొంగ కనెక్షన్ ముందు యజమాని వేసింది, పాపం అతనిది కదా? వేసిన పాపం అతనిదే. తెలిసిన నాటి నుంచి కొనసాగించడం మాత్రం మీదవుతుంది. దరఖాస్తు పెట్టి క్రమబద్ధం చేయించుకోండి. అమ్మేవాడు కూడా ఈ లోపాన్ని దాచకూడదు. పైన పొడి ధాన్యం, కింద తడి ధాన్యం పెట్టి అమ్మిన వ్యాపారిని దైవప్రవక్త (స) ఎలా మందలించారో మీకు తెలుసు. కిరాయిదారు అయితే యజమానికి చెప్పాలి, అతను వినకపోతే ఆఫీసులో ఫిర్యాదు చేయాలి. అది చాడీ చెప్పడం కిందికి రాదు. కిరాయి పెంచుతాడేమోనన్న భయం ఉంటే మొహల్లాలో నలుగురు కలిసి వెళ్లండి, ఎందుకంటే ఆ గొట్టం పొంగితే తడిసేది ఒక్క ఇల్లు కాదు.