దూరపు చుట్టమునకు చదివింపు

బొగ్గుగనుల ఊరైన బెల్లంపల్లిలో కాపురముండువారిలో పెక్కుమందికి సొంత ఊళ్ళు వేరు. గనిపనికై కరీంనగరము మొదలగు ప్రాంతములనుండి వచ్చి తరములుగా స్థిరపడినవారు వారు. అచటి భూగర్భ గనులు పలు మూతపడిన పిదప కొన్ని కుటుంబములు మరల మందమర్రికి, శ్రీరాంపూరునకు తరలినవి. ఇట్టి చోట చుట్టరికము ముఖపరిచయము వలన గాక శుభలేఖ వలన తెలియుట వింత కాదు. తాతగారి మేనత్తకు మునిమనుమరాలట. పసుపు పూసిన పత్రిక ఇంటికి వచ్చును. పెండ్లికూతురి ముఖమును ఎవరును ఎరుగరు. అంతలో గృహిణి పెనిమిటితో అనును: “మన పిల్ల పెండ్లికి వాళ్లేం చదివించిండ్రో, జర పుస్తకం చూడుండ్రి.”

ఆ పుస్తకము చెడ్డది కాదు. ఒక ఇంటి శుభకార్యపు బరువును పదిమంది పంచుకొనుటకు పెద్దలు ఏర్పరచిన ఉపాయమది. నూటపదహార్ల పద్ధతియు అట్టిదే. నిజాము రాజ్యమున 116 చిల్లర హాలీ రూపాయలు 100 బ్రిటిషు రూపాయలకు సమానముగా చెల్లెడివి; ఆ సంఖ్య అచటనే పుట్టినదని పలువురు చెప్పుదురు. పుట్టుక ఏదైనను, అందరికి ఒకటే మొత్తము నియతమైనప్పుడు పేదవానికి కొంత మరుగు దొరకును. మైకులో పేరుపేరున మొత్తములు చదువుట మొదలైన చోట ఆ మరుగు పోయినది. ఇచ్చినదానికంటె ఎక్కువ పెట్టనిచో మాట దక్కదను భయముతో వడ్డీకి తెచ్చి చదివించువారును కలరు.

గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున దానమును మూడు విధములుగా విభజించెను. ఇయ్యవలసినదను బుద్ధితో, తిరిగి ఉపకారము చేయజాలనివానికి, తగిన దేశకాలములందు ఇచ్చునది సాత్త్వికము. ప్రతిఫలమును కోరియో, మనసున నొచ్చుకొనుచునో ఇచ్చునది రాజసము. అవమానించుచు అపాత్రునకిచ్చునది తామసము. పుస్తకము చూచి ఇచ్చునది ఈ రెండవ తెగలోనిదే గదా! తోడబుట్టినవారికి, వియ్యాలవారికి ఇచ్చునది ఏదో ఒక పండుగకు తిరిగి రాక మానదు. మరల ఎన్నడు కనబడునో తెలియని చుట్టమునకు ఇచ్చునది అట్లు కాదు. ఏ దానము దండుగయని గృహస్థు గొణుగుకొనునో, ప్రత్యుపకారము నాశింపక ఇచ్చుటకు అతనికి దొరకిన చక్కని అవకాశము అదియే. అప్పు చేసి ఇమ్మని మాత్రము భగవానుడు చెప్పలేదు. ఆకో, పువ్వో, పండో, నీరో చాలునన్నవాడు ఆయన.

ధర్మరాజు రాజసూయమున కానుకలు స్వీకరించు పని దుర్యోధనునకు అప్పగింపబడినది. వచ్చిన ప్రతి రత్నమును అతడు చూచెను; ఆ చూపే అసూయయై జూదము వరకు నడిపినది. అదే యాగమున శ్రీకృష్ణుడు అతిథుల పాదములు కడిగెను. పెండ్లిపందిరిలో లెక్క వ్రాయుటకు కూర్చుండువారు ఈ రెండు పనులను ఒకపరి తలచుకొనుట మేలు.

ఇచ్చుటకు లేక పెండ్లికే పోక ఊరకుండుట ఇంతకంటె బాధాకరము. ఒకసారి పోనివారు మరుసటి శుభకార్యమునకు పిలువబడరు; చుట్టరికము అచటనే తెగును. కుచేలుడు సిగ్గుపడి అటుకుల మూటను దాచుకొన్నాడే గాని ద్వారకకు పోక మానలేదు. ఆ మూటను కృష్ణుడే లాగికొని ఒక పిడికెడు ఆరగించెను; రెండవ పిడికిటికి రుక్మిణీదేవి చేయి పట్టవలసి వచ్చినది. వచ్చినవాని సిగ్గును తీర్చుట పిలిచినవాని పని.

కాబట్టి బెల్లంపల్లిలో బండి ఎక్కువారు ఒక రవికె గుడ్డ, రెండు కుడుకలు, శక్తికొలది రూపాయలు తీసుకొని పోవచ్చును. పందిరిలోని గృహస్థు, పుస్తకము పట్టినవాడు తలయెత్తి “ఎంత?” అని అడుగకముందే, వారి చేతికి అక్షతలిచ్చి, మేనత్త మనుమలు ఎచట ఉన్నారని అడుగవలెను.