వాదము విన్నవారి ధర్మము

రాజకీయవాదములు వేడెక్కినప్పుడు మన యిండ్లలో తఱచు వినవచ్చు మాట యొకటి కలదు: "మనవాడు బాగా మాట్లాడినాడు." బాగుగ మాటాడుట వేఱు, నిజము మాటాడుట వేఱు, ఎదుటివానియెడ న్యాయముగ నడచుకొనుట వేఱు. ఈ మూడింటిని మనము విడదీసి చూచుట యరుదు. వాదించువారి సత్యసంధతను కొలుచుట కేది కొలకఱ్ఱ? దానిని మనము ఇరుపక్షములకును ఒక్కతీరుననే వాడుచున్నామా? ఈ ప్రశ్నను ఇతరులను గూర్చి వేయుటకు ముందు మమ్ము గూర్చి వేసికొనవలసి వచ్చినది.

మేము బడిపంతులము. కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాలలో బోధన తెలుగున జరుగవలెనా, ఇంగ్లీషున జరుగవలెనా యని పిల్లలు వాదించిరి. తీర్పరులము మేమే, మా మనస్సు తెలుగుపక్షమున నున్నది. "ఉద్యోగమునకు తెలుగొక్కటే చాలదు" అని యొక బాలిక పలికినది. చుఱుకైన బాలుడొకడు లేచి, "తల్లిభాష దేనికిని పనికిరాదని ఈమె యనుచున్నది!" అని గర్జించెను. సభ చప్పట్లతో మాఱుమ్రోగినది. మాట వంకర తిరిగినదని యెఱిగియు మేమూరకుండి, బహుమతిని వానికే యిచ్చితిమి. సభ ముగిసిన పిమ్మట ఆ బాలిక వచ్చి, "మాస్టారూ, నేననని మాట నాకంటగట్టినప్పుడు మీరు విన్నారు కదండీ, ఎందుకూరుకున్నారు?" అని యడిగినది. "వాదంలో ఇవి మామూలేనమ్మా" అంటిమి.

మామూలే కావచ్చును, కాని మన పెద్దలు దానికొక పేరు పెట్టి దోషములలో చేర్చిరి. గౌతముని న్యాయసూత్రములలో చర్చ మూడు తెఱగులు. తత్త్వము తెలియగోరి చేయునది వాదము; గెలుపే గుఱిగ చేయునది జల్పము; తన పక్షమేదియు నిలుపక పరపక్షమును ఖండించుటయే పనిగ గలది వితండ. చెప్పినవాని యభిప్రాయమును విడిచి మాటకు వేఱర్థము కల్పించి ఖండించుట ఛలము. 'నవ' యనగా క్రొత్త. తొమ్మిది యనియు నర్థము కలదు. క్రొత్త కంబళి కలవాడని యొకనిగూర్చి చెప్పగా, "వీనికి తొమ్మిది కంబళ్లెక్కడివి?" అనుటను భాష్యకారుడు ఛలమున కుదాహరించెను. ఓటమికి హేతువులగు నిగ్రహస్థానములు 22 చెప్పబడినవి. తప్పులో చిక్కినవానిని చూచియు ఆ తప్పును చూపకుండుట వానిలో నొకటి. దీనిని బయటపెట్టవలసినవారెవరు? సభవారే యని వాత్స్యాయనుడు చెప్పెను. చిక్కినవాడు తన సిగ్గును తానే వెల్లడించుకొనడు గదా యని కారణమును చూపెను. ఆనాటి మా మౌనమునకు పేరు దొరకినది.

ఈ కొలతను లోకము మెచ్చిన యొక వాదమునకు పెట్టి చూతము. 1858లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున సెనేటు స్థానమునకై డగ్లసు, లింకనులు ఏడూళ్లలో, ఊరికి మూడేసి గంటలు, బానిసత్వమును గూర్చి వాదించిరి. ఆగస్టు 21న ఒట్టావాలో డగ్లసు కొన్ని తీర్మానములు చదివి, అవి 1854లో స్ప్రింగ్‌ఫీల్డున లింకను పక్షమువారు చేసినవనియు, అందు లింకనుకును భాగము కలదనియు ఆరోపించెను. అవి యక్కడివి కావు, వేఱొక జిల్లాసభలోనివి. ఆఱుదినముల పిదప ఫ్రీపోర్టులో లింకను దీనిని బయటపెట్టెను. డగ్లసు మూలమును విచారించెదననెను. కాని ఆ పక్షమువారు వేఱొకచోట చేసినవే గదా యని వాదమును ప్రక్కకు మరల్చెను. పొరపాటు ఎవనికైనను రావచ్చును. అది తెలిసిన తరువాతి నడవడియే మనుష్యుని పట్టియిచ్చునది.

లింకనును గౌరవించు మేము ఇంతటితో చదువు చాలించితిమేని, అది మా పాఠశాల తీర్పునకు రెండవ ముద్రణమే యగును. జూలై 10న చికాగోలో ఈ జాతి ఆ జాతి యను తగవులను విడువుడని చెప్పిన లింకనే, సెప్టెంబరు 18న దక్షిణపు గాలి వీచు చార్లెస్టనులో, నల్లవారికి తెల్లవారితో సాంఘిక రాజకీయ సమానత్వము కలిగింపవలెనని తానెన్నడును కోరలేదని పలికెను. ఊరు మాఱినకొలది ఇతని రంగు మాఱుచున్నదని డగ్లసు నిందించెను. ఆ నింద పగవాని నోట వచ్చినంతమాత్రమున అసత్యము కాదు. బానిసత్వము వ్యాపింపరాదను లింకను పక్షము ధర్మమైనదే. అయినను ఆనాటి పలుకు శ్రోతల ముఖము చూచి పలికినదను సంశయము తీరదు. ఈ రెంటిని ఒక్క మనస్సున నిలుపుకొనలేనివాడు తీర్పరి కాజాలడు.

సత్కార్యమునకై కొంత కపటము చెల్లదా యని యడుగువారు కలరు. మొలకను కాపాడు ముళ్లకంపవలె తత్త్వరక్షణమునకు జల్పవితండలు పనికివచ్చునని గౌతముడే చెప్పెను గదా యందురు. నిజమే. కాని కంప చేను చుట్టు వేయునది, చేనిలో విత్తునది కాదు. ప్రజాప్రభుత్వమున వినువాడే న్యాయాధిపతి. వానికి తప్పుడు సాక్ష్యము చూపి గెలిచినవాడు వాని సమ్మతిని పొందలేదు, అపహరించినాడు.

కాబట్టి గొంతు హెచ్చుటను మేము పెద్ద నేరముగ నెంచము. మెత్తని గొంతునను కపటము దాగగలదు. ఎదుటివాని మాటను వాడు ఒప్పుకొను రీతిని తిరిగి చెప్పి పిదప ఖండించెనా, తప్పు తేలినప్పుడు దిద్దుకొనెనా యని చూతుము. ఈ రెండును ముందుగ మనవానియందే చూడవలయును; పరపక్షపు దోషములు చూపుటకు మనము లేకున్నను పదిమంది కలరు.

ఆ బాలిక మా బడి విడిచి చాలకాలమైనది. ఆనాడామెకు మేము చెప్పిన బదులు ఛలమునకు కావలి కాసినది. చెప్పవలసిన బదులు ఇది: "తప్పు నాదమ్మా, విన్నాను, మనవాడని ఊరుకున్నాను."