చక్రాల మీది ఇల్లు

అమెరికాలో చాలా కుటుంబాలకు చక్రాల మీద మరో చిన్న ఇల్లుంటుంది. క్యాంపర్ అంటారు. వేసవిలో తిరిగి, చలికాలమంతా ఇంటి పక్కన నిలబడుతుంది. దానికి అసలు చాకిరీ అప్పుడే.

మిషిగన్ లాంటి గడ్డకట్టే చలి ఉండే చోట్ల గొట్టాల్లో మిగిలిన నీరు గడ్డకట్టి, ఉబ్బి, వాటిని పగలగొడుతుంది. అందుకే నీరంతా వదిలేసి, గులాబీరంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవం ఎక్కిస్తారు. కారు రేడియేటర్లో వాడే ఇథిలీన్ గ్లైకాల్ తాగునీటి గొట్టాల్లో పోయకూడదు, అది విషం. బ్యాటరీ సంగతి మరీ చిత్రం. నిండుగా ఛార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆ చలిని తట్టుకుంటుంది. ఖాళీదైతే గడ్డకట్టి పగులుతుంది. ఫ్రిజ్ తలుపు కాస్త తెరిచి ఉంచాలి, లేకుంటే బూజు.

సామాను విషయంలో నాదొక పట్టుదల: గిన్నెలు, గరిటెలు, దుప్పట్లు ఇంట్లోంచి మోయకూడదు. బండివి బండికే ఉండాలి. తిండిగింజలు మాత్రం వద్దు. ఎలుకలకు తాళంచెవితో పనిలేదు. అయిపోయిన ఉప్పు, కాఫీపొడి, చింతపండు పేర్లు ప్రయాణం నుంచి తిరిగొచ్చిన రోజే చీటీ మీద రాసి తలుపు లోపల అంటించండి. నెల తర్వాత అడిగితే ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.