స్వదుఃఖం, రసాస్వాదం

కొత్తగా వెలువడిన చిత్రాన్నో నాటకాన్నో నవలనో విలువ కట్టే విమర్శకుడికి సహృదయత్వం, అనగా కృతిలోని భావంతో తన హృదయాన్ని ఏకం చేసుకోగల శక్తి, మొదటి అర్హత అని అలంకారశాస్త్రం చెబుతుంది. అయితే కృతిలోని దుఃఖమే తన సొంత దుఃఖమైనవాడు సహృదయుడు కాగలడా అన్న ప్రశ్నకు శాస్త్రం ఇచ్చిన సమాధానం పైకి కఠినంగానే కనిపిస్తుంది. పది, పదకొండు శతాబ్దాల నడుమ జీవించిన కాశ్మీర శైవ దార్శనికుడు అభినవగుప్తుడు, నాట్యశాస్త్రానికి రాసిన అభినవభారతి వ్యాఖ్యలో, రసానుభవానికి అడ్డుపడే ఏడు విఘ్నాలను పేర్కొంటూ, ప్రేక్షకుడు తన సుఖదుఃఖాలకు వశుడై ఉండటాన్ని వాటిలో ఒకటిగా చేర్చాడు.

2023 మార్చి 3న విడుదలై, ఊరూరా తెరలు కట్టి చూపగా జనం కంటతడి పెట్టిన వేణు ఎల్దండి చిత్రం ‘బలగం’లో, ఇంటిపెద్ద కొమురయ్య పోయాక పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు; విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన పంతం బావను బామ్మర్దులకు ఏళ్ల తరబడి దూరం చేయగా, ముసలాయన మనసు ఆ చీలిక మీదే నిలిచిపోయిందని కథ క్రమంగా తేటపరుస్తుంది. సిద్దిపేట జిల్లా తొగుట మండలంలోని వేములఘాట్ వాసి ఈ చిత్రం చూస్తే ఏమవుతుంది? 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం కోసం జరిగిన భూసేకరణను ఎదిరిస్తూ 2016లో రిలే నిరాహార దీక్షలకు కూర్చుని, ఏడాదికి పైగా వాటిని సాగించిన ఆ ఊరు, 2021లో ఖాళీ అయి జలాశయంలో కలిసింది.

అతని కన్నీటిని సొంత శోకంగా లెక్కగట్టి విమర్శకుడు పక్కన పెడితే అది అన్యాయమే కాక శాస్త్రాన్ని సగమే చదవడం కూడా అవుతుంది, ఎందుకంటే అభినవగుప్తుడు ఆ విఘ్నానికి వాద్యం, గానం, రంగమండపం వంటి ఉపాయాలను కూడా చెప్పాడు. భావాన్ని నాది, పరాయిది అన్న పట్టు నుంచి విడిపించే సాధారణీకరణం కృతి చేయవలసిన పని. చిత్రం చివర గాయకులు మొగిలయ్య, కొమురమ్మ పోయినవాడి బతుకును పాడుతున్నప్పుడు ఆ పనే జరుగుతుంది.

పైగా అలాంటి ప్రేక్షకుడికి, తీరిగ్గా చూసే సమీక్షకుడి దృష్టికి అందనిది ఒకటి కనబడుతుంది: ఎక్కడెక్కడి బంధువులు వచ్చి చేరడానికి, పిండం పెట్టి పిట్ట కోసం ఎదురుచూడటానికి ఊరంటూ ఒకటి ఇంకా మిగిలే ఉందన్న నమ్మకం మీద ఆ కథ మొత్తం నిలబడింది.