వేట యెవరిది?

మా భీమునిపట్టణమున ‘వేట’ యను మాటకు సముద్రమే మొదటి యర్థము. వేకువజామున వలలు భుజమున వేసికొని పోవు వానిని ఎక్కడికని యడిగినచో ‘వేటకు’ అనియే చెప్పును. చేపకు వల వేయుటయు, జింకకు విల్లెక్కుపెట్టుటయు నీ తీరమున నొక్క మాటతోనే చెల్లుచున్నవి. మా గోస్తనీనది అనంతగిరి కొండలలో బుట్టి, బొర్రాగుహలలో దూరి, తాటిపూడి జలాశయమును నింపి, మా యూరియొద్ద సముద్రమున గలియును. ఆ నది మొదట నొక వేట, తుద నొక వేట గలవు. మొదటిదానికి శిక్ష, రెండవదానికి, అది నిలిపిన దినములలో, ప్రభుత్వమువారి భృతి. ఈ భేదమును మేము నలువది యేండ్లు దాటువరకు గమనింపలేదనుట సిగ్గుపడదగిన మాటయే. మాచేత గమనింపజేసినవాడొక విద్యార్థి.

ఆ బాలుడు మన్యమునుండి వచ్చి మా బడిలో జదువుచున్నవాడు. వన్యమృగ సంరక్షణమును గూర్చిన పాఠమునాడు మేము నల్లబల్లపై ‘వేటాడుట నేరము’ అని వ్రాసితిమి. తరగతి ముగిసిన పిదప వాడొంటరిగా వచ్చి, “మాస్టారండీ, మా తాత ఇటుకల పండక్కి అడవికెళ్ళేవాడు. ఆయన దొంగాండీ?” అని యడిగెను. రేపు చెప్పెదమని తప్పించుకొంటిమి.

చదువరులలో మన్యము చూడనివారు పెక్కురుందురు గావున ఆ పండుగను గూర్చి కొంచెము చెప్పవలెను. చైత్రమాసమున పాడేరు, అరకు ప్రాంతముల గిరిజనులు విత్తనములను బూజించి, పిదప మగవారందరు గుంపుగా అడవికి వేటకు బోవుదురు. ఆడువారు దారులలో కఱ్ఱలడ్డముపెట్టి వచ్చిపోవువారియొద్ద పైకము పుచ్చుకొందురు. వేటనుండి వట్టిచేతులతో దిరిగివచ్చిన మగవానిపై పేడనీళ్ళు చల్లి పరిహసించుట పూర్వాచారము. నేడు వేట చాల గ్రామములలో పేరునకే మిగిలినది. పాటలును, దారిసుంకమును మాత్రము నిలిచియున్నవి.

ఒక చైత్రమున మేమొక మిత్రునితో గూడి ఆ కొండదారిని బోవుచుండగా స్త్రీలు మా బండి నాపి, నవ్వుచు చేయి చాచిరి. మా మిత్రుడు మిగుల చదువుకొన్నవాడు, జీవకారుణ్యముగలవాడు. ఆయన కోపించి, “ఇది దారిదోపిడి, పైగా మూగజీవాల్ని చంపటానికి పండగొకటి!” అనెను. మేమును తలయూపితిమి. తిరిగివచ్చి ఆయన యింట గాఫీ త్రాగుచు గోడవంక జూడగా, అచ్చట కణుజు కొమ్ములజత యొకటి పాలిషు పెట్టబడి మెఱయుచుండెను. ఆయన తండ్రిగారు అనుజ్ఞాపత్రము పొంది కొట్టిన మృగమట! ఆ కొమ్ములక్రింద గూర్చుండియే మేమిరువురము గిరిజనుల క్రౌర్యమును గూర్చి అరగంట మాటలాడితిమి. ఇప్పుడు తలచుకొన్న నవ్వు వచ్చుచున్నది, కాని అది సుఖమైన నవ్వు కాదు.

ఇందు రెండు ప్రశ్నలు కలిసిపోయి యున్నవి. చంపవచ్చునా యనునది యొకటి. చంపుటకుగాని మానుటకుగాని నిర్ణయించువాడెవ్వడనునది రెండవది. మొదటిదానిపై మన గ్రంథములు మౌనము వహింపలేదు. మనువు రాజులకు గామమువలన గలుగు పది వ్యసనములలో మృగయనే మొదట లెక్కించెను. రెండవదానికి మాత్రము శాకుంతలమునుమించిన పాఠము మాకు దోచుట లేదు. దుష్యంతుడు భూమినంతయు నేలువాడు. అడవి యాతని రాజ్యములోనిదే. అయినను లేడిని దఱుముకొనుచు వచ్చి తాపసులు వలదన్నంతనే బాణము దించెను. ఆతడు వచ్చిపోవువాడు, వారచ్చట నివసించువారు. ప్రభుత్వము రాజుదైనను, ఆ మృగమును గూర్చిన మాట నివాసులది.

మన దేశమున దరువాత నడచినది దీనికి దలక్రిందులు. 1879లో నీలగిరులకై వేటమృగముల చట్టమును, 1882లో మద్రాసు అటవీ చట్టమును వచ్చినవి. రక్షితారణ్యమున వలయొగ్గుట, ఉచ్చుపెట్టుట, వేటాడుట ప్రభుత్వము చేతిలోనికి బోయెను. చీటి సంపాదింపగల దొరకు అదే యడవి వినోదస్థలమయ్యెను. చీటియన నేమో యెఱుగని కొండవాడు తన పెరటిలోనే దొంగయయ్యెను. 1922 ఆగష్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై బడుటకు గారణము వేట కాదు. పోడుపై నిర్బంధములును, రోడ్లపనిలో వెట్టియును ముఖ్యములు. కాని అడవి యెవరిదను ప్రశ్న ఆ ఫితూరీకి మూలముననే యున్నది.

స్వతంత్రము వచ్చిన పిదప 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును మొదట కొన్ని మృగముల వేటకు చీటీల నిచ్చుచునే యుండెను. 1991 సవరణతో ఆ విలాసవేట ముగిసినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము చారిత్రకముగా జరిగిన యన్యాయమును దిద్దుటకు వచ్చితినని తానే చెప్పుకొని, భూమిపైని, ఫలసాయముపైని హక్కులనిచ్చి, సంప్రదాయసిద్ధమైన వేటహక్కును మాత్రము స్పష్టముగా మినహాయించెను. ఈ మినహాయింపు తప్పని మేమనజాలము. మృగములు తఱిగిపోయినవి. తుపాకులతో రాత్రివేళ బండ్లలో వచ్చువారు మాత్రమే గాక, కరెంటుతీగ లమర్చి పందులను జంపు స్థానికులును గలరు. కొండవాడైనంత మాత్రమున దయాళువని వ్రాయుట మరియొక విధమైన అవమానము.

పరదేశమున నీ విషయమై వ్యాజ్యములే నడచినవి. అమెరికాలోని మోంటానా రాష్ట్రమున 1976లో అచ్చటి నివాసి 9 డాలర్లకే ఎల్కు మృగమును వేటాడుటకు చీటి పొందవచ్చును. పొరుగు రాష్ట్రమువాడు ఇతర మృగములతో గలిపియే 225 డాలర్ల చీటి కొనవలెను. ఒకే దేశపు పౌరులలో నీ భేదమేలయని వాదింపగా, విలాసమునకై యాడు వేట జీవనాధారము కాదు గనుక రాష్ట్రము భేదము చూపవచ్చునని 1978లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ధనముచే వెలివేయు నా పద్ధతి మాకంతగా రుచింపదు. ధనికుడైన పరాయివానికి 225 డాలర్లు గడ్డిపరక. కాని అందులో నొక న్యాయాంశము గలదు: మృగసంపద యున్నపుడును క్షయించినపుడును దాని ఫలము ననుభవించువాడు నివాసి. పంట ద్రొక్కు పంది, మీదబడు ఎలుగు వానివే. కొమ్ములు గోడకు దగిలించుకొనువాడు మఱునాడు రైలెక్కును. మేము నివాసికి జెప్పు మొదటి హక్కు జన్మమువలన గాదు, కులమువలనను గాదు, ఆ భారమువలన.

మా సముద్రమున నీ న్యాయము కొంతవఱకైన నడచుచున్నది. ఈ తూర్పుతీరమున యేటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటను నిలుపుదురు. తెడ్లతోను తెరచాపతోను బోవు తెప్పవానికి నిషేధము లేదు. వేట నిలిచినవారికి భృతి యిత్తురు. అది చాలదని మా జాలరిపేటలో ప్రతియేడును వినుచునే యున్నాము, అది నిజమే. అయినను ‘నీవు మానిన దానివలన లోకమునకు లాభము గనుక నీకింత’ అను లెక్క యొకటి పుట్టినది. కొండమీద అట్టి లెక్కను బుస్తకమున నింకను దెఱవలేదు. తాత మానెను, తండ్రి మానెను. వారు మానుటవలన మిగిలిన దుప్పులను మేము సెలవులలో బిల్లలతో బోయి చూచి యానందించుచున్నాము.

అశోకుడు తన యెనిమిదవ శిలాశాసనమున, పూర్వపు రాజులు వేటమొదలగు వినోదములతో విహారయాత్రలు చేసిరనియు, తాను వానిని మాని ధర్మయాత్రలకు బూనితిననియు వ్రాయించెను. మనకు జేరువనే ధౌళి, జౌగడ శిలలపైనను ఆ శాసనము గలదు. తన యాట మానిన వార్తను ఆయన జయించిన కళింగులకు జెప్పుకొనెను.

మఱునాడా బాలుని బిలిచి, “మీ తాత దొంగ కాడురా. అయినా నువ్వు మాత్రం వేటకెళ్ళకూడదు” అని చెప్పితిమి.

“మరెవరెళ్ళొచ్చండీ?”

“ఎవరూ వెళ్ళకూడదు.”

వాడు కొంతసేపూరకుండి, “ముందు మానమన్నది ఎవర్నండీ?” అని యడిగెను.

ఆ దినమున మేము నల్లబల్లపై వెనుకటి వాక్యమును తుడిచివేసి, 1882, 1972, 1991, 2006 అను నాలుగు సంవత్సరములను వరుసగా వ్రాసి, పాఠమును మరల మొదటినుండి చెప్పితిమి.