పోటీ ముగిసిన తరువాత

బాంకాక్ వెళ్లినవాళ్లు సాయంత్రం ముయే థాయ్ పోటీలు చూసి, మిగిలిన రాత్రిని నగరంలో తిరుగుతూ గడపడం చాలాకాలంగా ఒక ఆచారం. 2023 నవంబరులో థాయ్‌లాండ్ ప్రభుత్వం భారతీయులకు వీసా అక్కరలేకుండా చేసిన తరువాత మనవాళ్లకు కూడా ఈ ఆచారం మరింత అందుబాటులోకి వచ్చింది. స్నేహితులు నలుగురు కలిసి వెళతారు. రెండు గంటలు కొట్లాట చూస్తారు. తరువాత భోజనం, ఆ తరువాత వినోదం. ఆ పోటీల గుణదోషాల విచారణ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వాటిని చూసి లేచి భోజనానికి బయలుదేరే మనిషికి నైతికంగా ఏమైనా బాధ్యత వుందా, వుంటే అది ఎటువంటిది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా వుంటాయి. మొదటిది: "ఆడినవాడు తన ఇష్టంతో ఆడాడు, నేను డబ్బిచ్చి చూశాను, లెక్క సరి." రెండవది: "మనిషిని మనిషి కొడుతుంటే చూసి ఆనందించడం అనాగరికం, అటువంటి చోటికి పోనేకూడదు." మొదటిది బజారు నీతి, రెండవది మడి నీతి. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా ఈ రెంటికీ ఒక పోలిక వుంది. కొట్లాడిన మనిషి ఎవరో, ఎక్కడినుంచి వచ్చాడో విచారించకుండానే రెండూ తీర్పు చెప్పేస్తాయి. ఒకడు టిక్కెట్టు చూపించి తప్పుకుంటాడు, మరొకడు ఇంట్లో కూర్చుని తప్పుకుంటాడు.

ఈ లోపం పాతదే. రోము నగరంలో గ్లాడియేటర్ల పోరాటాలు జరిగే రోజుల్లో సెనెకా అనే తత్వవేత్త తన మిత్రుడికి రాసిన లేఖ ఒకటి వుంది. మధ్యాహ్నం కాస్త వినోదం కోసం వెళ్లి, అక్కడి హత్యాకాండ చూసి, జనంలో కూర్చున్నందువల్ల మరింత క్రూరుణ్ణై ఇంటికి వచ్చానని అందులో వాపోయాడు. మూడు శతాబ్దాలు దాటిన తరువాత అగస్టీన్ తన ఆత్మకథలో అలీపియస్ అనే మిత్రుడి ఉదంతం చెప్పాడు. భోజనం చేసి వస్తున్న స్నేహితులు అతణ్ణి బలవంతాన పోరాటాలకు లాక్కుపోయారు. అతను కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు, కాని చెవులు మూసుకోలేదు. జనం ఒక్కసారిగా కేక పెట్టేసరికి కళ్లు తెరిచాడు. తెరిచినవాడు మళ్లీ మూయలేదు. స్నేహితుల గుంపులో సరదాకు పోవడం మనిషిని ఎలా మారుస్తుందో ఇంతకన్నా సూటిగా చెప్పిన రచన అరుదు. ఐతే ఈ రెండు రచనల్లోనూ ప్రధానమైన బెంగ ప్రేక్షకుడి ఆత్మ గురించే. ఇసుకలో పడినవాడు ఆ ఆత్మకు తగిలిన గాయానికి ఒక నిమిత్తం మాత్రమే.

మన ఆలంకారికులు ఈ సమస్యను మరో వైపునుంచి పట్టుకున్నారు. యుద్ధం, మరణం వంటివాటిని నాటకంలోని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని నాట్యశాస్త్రం నియమం పెట్టింది. లోకంలోని భావం రసం కావాలంటే అది సాధారణీకరణం చెందాలని భట్టనాయకుడూ, ఆయన వెనుక అభినవగుప్తుడూ చెప్పారు. రంగం మీది దుఃఖం నటుడి సొంత దుఃఖం కాదు, ఏ ఒక్కరి సొంతమూ కాదు. అందుకే సహృదయుడు దాన్ని ఆస్వాదించగలడు. రింగులో పరిస్థితి ఇది కాదు. అక్కడ చిట్లిన కనుబొమ ఒకానొక మనిషిది. కుట్లు వేయించుకునేదీ అతనే, కొద్ది వారాల్లో మళ్లీ అదే కనుబొమతో రింగులోకి దిగేదీ అతనే. నిజమైన నెత్తురును రసంగా ఆస్వాదించబోయినప్పుడే ప్రేక్షకుడి నైతిక సమస్య మొదలవుతుంది. కాబట్టి ఆ ఒకానొక మనిషి ఎవరన్నది ముందు చూడాలి.

బాంకాక్‌లో పేరుపొందిన స్టేడియాలు రెండు. రాజదమ్నోన్ 1945లో మొదలైంది. లుంపినీ 1956లో మొదలైంది, దాని యాజమాన్యం సైన్యానిది. లుంపినీ అంటే బుద్ధుడు పుట్టిన లుంబినియే. పోటీకి ముందు ఆటగాడు తలకు ‘మొంగ్‌ఖోన్’ అనే కట్టు ధరించి ‘వై ఖ్రూ’ అనే వందనం చేస్తాడు. ఆ మొంగ్‌ఖోన్ మన ‘మంగళ’ శబ్దం, ఆ ఖ్రూ మన ‘గురువు’. సన్నాయిని పోలిన వాద్యం, డోళ్లు, తాళాలు పోటీ పొడుగునా మోగుతూనే వుంటాయి. సంప్రదాయపు పోటీ ఐదు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. పిడికిళ్లూ పాదాలూ మాత్రమే కాదు, మోచేతులూ మోకాళ్లూ కూడా ఆయుధాలే. ఇందులో గొప్ప విద్య వుంది, సందేహం లేదు. ఆ విద్యలో ఒక భాగం నొప్పిని దాచుకోవడం. దెబ్బ తగిలినప్పుడు తూలినా, ముఖం చిట్లించినా న్యాయనిర్ణేతల దృష్టిలో అతను వెనకబడతాడు. అందుచేత డొక్కలో మోకాలు దిగినవాడు ఏమీ జరగనట్టు నవ్వుతాడు, తల అడ్డంగా ఊపుతాడు. రింగు పక్కన కూర్చున్న పరదేశి ఆ నవ్వు చూసి, "వీళ్లకు నొప్పి తెలియదు కాబోలు" అనుకుంటాడు.

ఇటువంటి నవ్వు నేర్చినవాళ్లలో చాలామంది ఈసాన్ ప్రాంతంనుంచి వస్తారు. ఆ పేరు కూడా మనకు తెలిసినదే, ఈశాన్యం. థాయ్‌లాండ్ జనాభాలో దాదాపు మూడోవంతు అక్కడే వుంది. సారం తక్కువైన ఇసుక నేలలు, వానను నమ్ముకున్న వరి పొలాలు, కోతలు కాగానే కూలికి బాంకాక్ వలస. అక్కడి పిల్లలు ఏడెనిమిదేళ్లకే గుడి ఉత్సవాల్లో రింగు ఎక్కుతారు. కాస్త రాణించినవాణ్ణి నగరంలోని శిక్షణ శిబిరం చేర్చుకుంటుంది. ఇంటిపేరు పోయి శిబిరం పేరు వస్తుంది. పారితోషికంలో సుమారు సగం శిబిరం తీసుకుంటుంది, మిగిలిన సగంలోంచి ఇంటికి డబ్బు వెళుతుంది. 1999 నాటి బాక్సింగు చట్టం పదిహేనేళ్లు నిండినవాళ్లనే ఆటగాళ్లుగా నమోదు చేయాలన్నది. కాని తల్లిదండ్రుల అనుమతి వుంటే అంతకన్నా చిన్నవాళ్లు కూడా ఆడవచ్చు. 2018 నవంబరులో సముత్ ప్రాకాన్‌లో ఒక పదమూడేళ్ల బాలుడు పోటీలో పడిపోయి, మెదడులో నెత్తురు చిమ్మి చనిపోయాడు. ఎనిమిదో ఏట మొదలుపెట్టి అప్పటికి 170 పోటీలు ఆడాడు. ఆ వయసు పిల్లవాడు బళ్లో ఎన్ని పరీక్షలు రాసి వుంటాడో పాఠకులు లెక్కవేసుకోవచ్చు.

ఇక పోటీ ముగిసింది. మన యాత్రికుడు బయటికి వస్తాడు. టాక్సీ తోలే మనిషి తరచుగా ఈసాన్ రైతు. వీధి పక్కన బొగ్గుల మీద కోడిని కాల్చి, పచ్చి బొప్పాయి దంచి, ముద్ద అన్నంతో పెట్టే ఇల్లాలు ఈసాన్ ఇల్లాలు. ఆ తిండే ఈసాన్ తిండి. ఆపైన మెరిసే దీపాల వీధికి వెళితే, అక్కడి మద్యశాలల్లో పనిచేసే ఆడపిల్లల్లో కూడా చాలామంది ఆ పల్లెలవాళ్లే. అంటే యాత్రికుడు స్టేడియం విడిచి వేరే లోకంలోకి వచ్చానని అనుకుంటున్నాడే గాని, నిజానికి ఒకే ఊరి అన్నను చూసి, అత్తచేతి అన్నం తిని, చెల్లెలి దగ్గరికి పోతున్నాడు.

ఇది యాదృచ్ఛికం కాదు, దీనికి చరిత్ర వుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా బాంబు విమానాలు లేచిన స్థావరాల్లో కోరాట్, ఉడోన్, ఉబోన్, నఖోన్ ఫనోమ్ ఈసాన్‌లోనివే. 1967లో అమెరికా సైనికుల ‘విశ్రాంతి, వినోదాల’ కోసం ఆ రెండు ప్రభుత్వాలు ఒప్పందమే కుదుర్చుకున్నాయి. యుద్ధం పోయింది, సైనికుడి స్థానంలో యాత్రికుడు వచ్చాడు, ఏర్పాటు నిలిచింది. అదే ఈసాన్‌లో 1965లో సాయుధ రైతాంగ పోరాటం మొదలైన సంగతీ, థాయ్ భూస్వామ్యాన్ని 1957లోనే మార్క్సిస్టు దృష్టితో విశ్లేషించిన భాషావేత్త, కవి చిత్ ఫుమిసాక్ 1966లో సకోన్ నఖోన్ పల్లెలో తుపాకీ గుండ్లకు నేలకొరిగిన సంగతీ ఆ దీపాల వీధిలో ఎవరూ చెప్పరు.

స్టేడియమూ మద్యశాలా అమ్మే సరుకు ఒక్కటే, దాచిపెట్టిన నొప్పి. ఆటగాడు నొప్పి కనపడితే ఓడిపోతాడు. ఆడపిల్ల అలసట కనపడితే కూలి పోగొట్టుకుంటుంది. ఇద్దరి చేతా నవ్వించి, ఆ దేశానికి చిరునవ్వుల దేశమని పేరుపెట్టి ప్రకటనలు వేస్తారు. ఇందులో ఇంకొక విశేషం కూడా వుంది. 2021 దాకా లుంపినీ రింగును స్త్రీ తాకకూడదు, తాకితే మైలపడుతుంది. ఆ ఏడాది నవంబరులోనే అక్కడ మొదటిసారి స్త్రీల పోటీ జరిగింది. రింగు పవిత్రతకు అపాయమైన స్త్రీ శరీరం, రింగు చూసి వచ్చినవాడి వినోదానికి మాత్రం ఏనాడూ మైల కాలేదు.

ఇదంతా పరదేశపు వింత అనుకోనక్కరలేదు. గడసామూ తాడు మీద నడకా వృత్తిగా బతికిన మన సంచార కులాలను ఊరు ఎలా చూసిందో మనకు తెలుసు. పగలు గడ మీది పిల్లను చూసి చప్పట్లు కొట్టి చిల్లర విసిరిన పెద్దమనుషులే, చీకటిపడ్డాక ఆ గుడారాల వైపు నడిచారు. తెల్లవారి ఆ కులాన్నే తిట్టుగా మార్చుకున్నారు. చూసినవాడికి మచ్చ లేదు, ఆడినవాళ్లకు పేరే మచ్చ అయింది.

"వాళ్లు ఇష్టపడే కదా ఆడుతున్నారు?" అన్న వాదాన్ని ఇప్పుడు పరిశీలించవచ్చు. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. ఆటగాడు బానిస కాదు. తన విద్య పట్ల అతనికి గర్వం వుంది. గెలిచి తల్లికి ఇల్లు కట్టిపెట్టిన కొడుకు ముందు నిలబడి "అయ్యో పాపం" అనడం అతణ్ణి అవమానించడమే. సంక్రాంతికి కత్తి కట్టిన కోడిని ఎవరూ ఇష్టం అడగరు. ఇతను మనిషి, అడిగితే చెబుతాడు. అంతవరకు ఒప్పుకోవలసిందే. ఐతే కార్మికుడి స్వేచ్ఛకు మార్క్స్ రెండర్థాలు చెప్పాడు. తన శ్రమశక్తిని అమ్ముకునే స్వేచ్ఛ ఒకటి, అమ్ముకోవడానికి అది తప్ప మరేమీ లేని ‘స్వేచ్ఛ’ రెండవది. ఈసాన్ కుర్రవాడి ఇష్టంలో ఈ రెండూ కలిసివున్నాయి. ఇష్టం అబద్ధం కాదు. కాని ఆ ఇష్టం ముందు ఎన్ని దారులు తెరిచివుండగా పుట్టిందన్నది దాని విలువను నిర్ణయిస్తుంది. ఏడేళ్ల పిల్లవాడి విషయంలో ఐతే ఇష్టమన్న మాటే ఎత్తకూడదు.

ఇంతకూ ప్రేక్షకుడికి దీనితో నిమిత్తం ఏమిటి? అతను కూర్చుని చూశాడు, అంతేకదా? ఇక్కడే అసలు విషయం వుంది. ప్రేక్షకుడు చూడడంతోపాటు ఆటను తయారుచేస్తున్నాడు. సంప్రదాయపు పోటీల్లో ఐదో రౌండుకు ఫలితం తేలిపోయిందనిపిస్తే, ముందున్నవాడు దూరంగా అడుగులు వేస్తూ కాలం గడుపుతాడు, వెనకబడ్డవాడు కూడా ఊరుకుంటాడు. కొద్ది వారాల్లో మళ్లీ ఇదే పని చేయవలసిన ఇద్దరు కార్మికుల మధ్య కుదిరిన సంధి అది. దేశదేశాల బుల్లితెర ప్రేక్షకుడికి ఈ సంధి రుచించదు. 2023 జనవరినుంచి లుంపినీలో ఒక సింగపూర్ సంస్థ శుక్రవారాలు పోటీలు నడుపుతున్నది. అక్కడ మూడే రౌండ్లు, పలచని చిన్న గ్లవుజులు, ఎదుటివాణ్ణి అద్భుతంగా పడగొడితే ప్రత్యేక బహుమానం. ఆటగాడికి డబ్బు పెరిగిన మాట నిజమే. సంధికి చోటు లేకుండా పోయిన మాట కూడా నిజమే. మన కేరింత ఆటగాడి పుర్రె దాకా ఇలా ప్రయాణం చేస్తుంది.

కనుక బాధ్యత వుంది. ఐతే ఆ బాధ్యతను పశ్చాత్తాపంగా మార్చుకుంటే అది మళ్లీ సెనెకా దగ్గరికే, మన ఆత్మ శుభ్రత దగ్గరికే చేరుతుంది. నిషేధం కోరడం కూడా తేలిక. 2018 మరణం తరువాత పన్నెండేళ్లలోపు పిల్లల పోటీలు ఆపాలని ముసాయిదా వచ్చినప్పుడు, ఆ వృత్తిలోని అనేకులు ఎదురుతిరిగారు. పిల్లవాడి సంపాదన ఆపితే ఇంటికి అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్నకు ముసాయిదాలో జవాబు లేదు. 2020లో మహమ్మారి వచ్చి స్టేడియాలు మూతపడినప్పుడు ఆటగాళ్లు పల్లెలకు తిరిగిపోయారు. ఏళ్ల తరబడి వాళ్ల దెబ్బల మీద పందాలు కాసినవాళ్లూ, ఫొటోలు తీసుకున్నవాళ్లూ ఆ నెలల్లో వాళ్ల యోగక్షేమాలు ఎంతమేరకు విచారించారో ఊహించడం కష్టం కాదు.

అతణ్ణి కార్మికుడిగా గుర్తించడమే సరైన దారి. గని కార్మికుడికీ మిల్లు కార్మికుడికీ మనం ఏం కోరుతున్నామో అదే ఇతనికీ కోరాలి: పసివాళ్లు పనిలోకి రాకుండా వయోపరిమితి, దెబ్బకు వైద్యం, ఆట చాలించాక బతుకుతెరువు, సంపాదనలో న్యాయమైన వాటా, సంఘం పెట్టుకునే హక్కు. అదే కోరిక ఆ రాత్రి మనకు అన్నం పెట్టిన ఇల్లాలికీ, నవ్వుతూ గ్లాసు నింపిన ఆడపిల్లకూ వర్తించాలి. ఒకరికి చప్పట్లు, ఒకరికి చిల్లర, మరొకరికి బేరం అని ముగ్గురినీ విడదీసి చూడడమే ఈ వ్యాపారానికి ఆధారం. ముగ్గురూ ఒక ఊరివాళ్లని తెలిసిన ప్రేక్షకుడు రేపు కూడా పోటీ చూడవచ్చు. కాని రింగులోని నవ్వును నవ్వుగా చూడలేడు, వీధిలోని నవ్వును కొనలేడు.