సాహసమునకుఁ గొలత
తెల్లాపూరు మేడలలో లిఫ్టునెక్కి పై యంతస్తులకుఁ బోవు మనకుఁ గొండలెక్కుట వెఱ్ఱిగాఁ దోఁచుట సహజము. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘమునఁ బుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో నెక్కెను. నాఁడు వీరుఁడంటిమి. 2015లో ఆండీస్ పర్వతములందు ఆయన మరణింపఁగా, “ఏల పోవలెను?” అంటిమి. మనుష్యుఁడొక్కఁడే, పనియు నొక్కటియే. మాఱినది ఫలము మాత్రమే. ఫలమునుబట్టి మెచ్చుకొనువారు వీరునిఁ గాక అదృష్టమును మెచ్చుకొనుచున్నారు. మా మతమున సాహసమునకుఁ గొలత శిఖరము కాదు, సన్నాహమును, వివేకమును. కావున మన బిడ్డలు మబ్బు చూచి సగము దారి నుండి మరలివచ్చిన నాఁడును, శిఖరమెక్కి వచ్చిన నాఁటివలెనే యెదురేగి గౌరవింతము.